ఫస్టు గేరుకు లేని ఉంగరం

ధర్మపురి బజారు నుంచి వచ్చీ రాగానే వెంకటరామప్ప వాకిట్లోంచే కేకేశాడు, కారుకు గేరు పళ్ళు పోయేటట్టున్నాయని. హోసూరు పక్కనుంచి మెట్టిన అతని తల్లి జయలక్ష్మమ్మకు కన్నడం వాసన ఎక్కువ. కన్నడంలో గేరు అంటే జీడిమామిడి కాబట్టి ఆమెకు గేరు పళ్ళంటే ఆ పళ్ళే. కుళ్ళిపోకముందే దించుకుందామని బుట్ట పట్టుకుని డిక్కీ దగ్గర నిలబడింది. అవి మనం తినే పళ్ళు కావనీ, ఒకదాన్నొకటి తినేసుకునే ఇనప పళ్ళనీ కోడలు గోపమ్మ చెప్పాక బుట్ట లోపలికి వెళ్ళింది.

గొడవంతా ఆ కోడలి డ్రైవింగు గురించే. తొప్పూరు కనుమ ఎక్కుతూ ఆమె సెకండు నుంచి ఫస్టుకు దించినప్పుడల్లా పాత కారు కర్రుమని పళ్ళు నూరుతుంది, పక్కసీట్లో మొగుడూ నూరుతాడు. తను చదును రోడ్డులో తప్ప తోలినవాడు కాదు. అయినా తప్పు ఆమె చేతిదేనన్నాడు. ఆదివారం కనుమలో కారు మళ్ళీ అరిస్తే తాళంచెవి బీరువాలోకి, స్టీరింగు డ్రైవరు చేతికి అని తేల్చేశాడు.

తాళంచెవి పోతుందన్న దిగులు కన్నా, మిగతా గేర్లు వెన్నలా పడుతుంటే ఫస్టొక్కటే ఎందుకు మొరాయిస్తుందన్న ఆరా గోపమ్మను ఎక్కువ తొలిచింది. మెకానిక్ సిద్ధరాజ్ షెడ్డుకు పోయింది. అక్కడ వీళ్ళ కారుకున్నటువంటి గేరుబాక్సే ఒకటి విప్పి ఉంది. సెకండుకు, థర్డుకు, టాపుకు పక్కనే ఇత్తడి ఉంగరాలు. ఫస్టుది బోసి వేలు.

తిరిగే గేరును ఉంగరం ముందు మెల్లగా రాసుకుని, వేగాలు కలిశాకే పళ్ళను కలవనిస్తుందట. పెళ్ళిచూపులన్నమాట. ఫస్టుకు ఆ ముచ్చట లేదు, నేరుగా పీటల మీదికే.

"ఫస్టు ఏం పాపం చేసింది తంబీ?" అంది గోపమ్మ.

ఇంకో ఉంగరం పెడితే పెట్టె పొడుగవుతుంది, ఖర్చూ పెరుగుతుందన్నాడు సిద్ధరాజ్. పైగా ఫస్టుకు దిగేటప్పుడు వేగాల్లో తేడా ఎక్కువ, మెత్తటి ఇత్తడి తొందరగా అరిగిపోతుంది. ఎలాగూ బండి ఆగినప్పుడే కదా ఫస్టు వేసేదని తయారుచేసినవాళ్ళు దాన్ని వదిలేశారట.

"ఆ అనుకున్నోళ్ళు తొప్పూరు కనుమ ఎక్కినారా?"

సిద్ధరాజ్ నవ్వి, ఉంగరం పని కాలితో చేయించే కిటుకు చూపించాడు. క్లచ్ నొక్కి న్యూట్రల్‌కు తేవాలి, క్లచ్ వదిలి ఆక్సిలరేటర్ ఒక తొక్కు తొక్కి వేగాలు కలపాలి, మళ్ళీ క్లచ్ నొక్కి ఫస్టు వేయాలి. వేలికి ఉంగరం లేకపోతే కాలికి మెట్టె అన్నమాట అనుకుంది గోపమ్మ.

ఆదివారం అత్తను వెనక సీట్లో ఎక్కించుకుని కనుమ దిగారు. తిరుగుదారిలో గోపమ్మ స్టీరింగు మొగుడికే ఇచ్చింది. ఎత్తు మొదలైంది, వెంకటరామప్ప ఫస్టుకు దించాడు. కారు పెడబొబ్బ పెట్టింది. అతను తన చేతి వంక చూసుకున్నాడు.

బండి ఓరగా ఆపించి గోపమ్మ సీటు మారింది. పై మలుపు దగ్గర ఆమె పాదం రెండుసార్లు ఆడింది. ఫస్టు చప్పుడు లేకుండా పడింది.

"ఫస్టుకు ఉంగరం లేదండీ," అంది ఇద్దరికీ వినపడేలా. "చేసినోళ్ళే పెట్టలేదు. చెయ్యి నాదైనా మీదైనా అరస్తుంది. కాలు దానికి సాయం పోవాల."

"అట్లయితే నా కోడల్ని ఎందుకురా అన్నేసి మాటలన్నావు?" అంది వెనకనుంచి జయలక్ష్మమ్మ.

వెంకటరామప్ప వంగి పెడళ్ళ వైపు చూశాడు.

"తాళంచెవి నీ దగ్గిరే ఉండనీ," అన్నాడు. "ఇంకో మలుపు దగ్గర నిదానంగా చెయ్యి. కాలు ఎట్ల ఆడిస్తావో చూస్తాను."