లైను నిలిచింది

మంచు పట్టిన ఉదయాలన్నిటిలాగే ఆ ఉదయమూ లైను పడిపోయింది. లంకలోని ఇళ్ళన్నీ సోలారు కరెంటు పంచుకునేందుకు ఒకే లైనుకు ముడిపడ్డాయి. ఎక్కడ రెండు తీగలు తగిలినా కాపలా పెట్టె అందరికీ ఆపేస్తుంది. ఆపకపోతే ఈ రకం కరెంటులో లేచిన నిప్పురవ్వ దానంతట ఆరదు. జనపపుల్లల గోడలు అంటుకుంటాయి.

సొంత సోలారు పలక లేనిది రొమేసా ఒక్కతే. భర్త ఇటుక బట్టీలకు పోయాడు. పొట్టు నింపిన పెట్టెలో బల్బుల వెచ్చదనానికి బాతు గుడ్లు పొదిగిస్తోంది. ఈ ఏడాది ఆమె బతుకంతా ఆ పెట్టెలోనే ఉంది.

మెకానిక్ హాతెం ఒక్కో ఇంటి తీగా పీకి చూస్తూ వచ్చాడు. రొమేసా తీగ పీకగానే కాపలా పెట్టె మీద పచ్చదీపం నిలిచింది.

"దొరికింది. రొమేసా భాబీ ఇల్లే."

"బాతులకు ఎండాకాలం, మనకు చీకటి," అంది వెనక నుంచి ఒకామె. నవ్వులు లేచాయి.

రొమేసా ముసుగు ఇంకాస్త కిందికి లాగింది. ఎదురుగా బావగారు, కొట్టు నడిపే జొబ్బార్ మియా నిలబడి ఉన్నాడు. తమ్ముడి భార్య బావగారి ముందు నోరు విప్పకూడదు. అందుకని ఆయన భార్య, తాను అక్కలా బూబూ అని పిలిచే తోటికోడలు షెఫాలీ చెవిలో చెప్పింది.

"బూబూ, మీ కొట్టు తీగ నా ఇంటి తీగ నుంచే కదా పోయేది. నాది పీకితే మీదీ పోయినట్టే. నా పెరట్లో బావగారు పాతిన తీగ ముడి తడిసి తీగలు తగులుతుంటాయి. ఒట్టి పాలిథీన్ కాగితమే కదా చుట్టింది. తవ్వి చూడమను."

"ఏమంటోంది?" అన్నాడు జొబ్బార్ మియా.

షెఫాలీ భర్త ముఖంలోకి చూసింది. "ఒక బల్బు తీసేస్తుందట."

రొమేసాకు ఒళ్ళు మండింది. "నేనన్నది అది కాదు, హాతెం. తప్పు ఆయన ముడిలో ఉంది. తవ్వు."

అందరికీ ఆమె గొంతు వినిపించింది, మాట వినిపించలేదు.

"బావగారి మీదే గొంతు లేపుతావుటే!" అంది అత్తగారు. హాతెం తల వంచుకుని రొమేసా తీగ చుట్ట చుట్టేశాడు. సాయంత్రానికి కొట్టుకు వెదురు గడల మీదుగా కొత్త తీగ లాగారు. తడి ముడితో సహా పాత తీగ మట్టిలోనే ఉండిపోయింది.

ఆ తరవాత లైను పడిపోలేదు. మంచు కురిసినా పడిపోలేదు.

రొమేసా వేడినీళ్ళ సీసాలు పెట్టింది, బొంతలు కప్పింది, లాంతరు వెలిగించింది. చలి ముందు ఏదీ ఆగలేదు. ఒకనాడు గుడ్డును ఎండకెత్తి చూస్తే లోపల ఎర్రటి నరాలు లేవు, కదలిక లేదు. ఇంకోటి చూసింది. అదీ అంతే. గంపకెత్తి ఏటి గట్టున గొయ్యి తవ్వుతుంటే షెఫాలీ వచ్చింది.

"ముడి సంగతి నాకూ తెలుసే," అంది మెల్లగా. "ఆయన ముందు నేనెట్లా అంటాను?"

"నేనన్నాను కదా బూబూ."

"అన్నావు. నీ తీగ పీకాక లైను ఒక్కసారైనా పడిపోకపోయె, తప్పు నీదేనని ఖాయం చేసుకున్నారు. అదైనా సర్దుకునేవాళ్ళే. కానీ నోరున్నదాన్ని మళ్ళీ లైనులోకి ఎట్లా తీసుకుంటామంటున్నారు."

రొమేసా గంప గోతిలోకి వంచింది. ఆ వాసనకు షెఫాలీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.