మీరు పోతె మేం ఆగం

వైశాఖంలో ఓ మధ్యాహ్నం కర్మన్‌ఘాట్ వెనకవైపు కాలనీ మీదికి సుడిగాలి వచ్చింది. పెద్దదేం కాదు. అలిగి వచ్చిన అల్లుడిలా విసవిసా రెండు వీధులు తొక్కి, బాలాపూర్ దాకా పోయే ఓపిక లేక దారిలోనే చల్లారింది. ఒక ఇంటి పైకప్పు ఊడబెరికింది కానీ, పక్కింటి దండెం మీద ఆరేసిన తువ్వాలును కదపనైనా లేదు.

మర్నాడు పొద్దున నష్టం రాసుకోవడానికి మండలాఫీసు నుంచి సంధ్యారాణి వచ్చింది. గాలి ఏ దారిన పోయిందో చూసినవాళ్లెవరని అడిగితే, కిరాణా కొట్టు సైదమ్మ అరుగు మీద కూర్చున్న లచ్చయ్యను చూపించింది.

"గా తాత చూసిండు మేడం. చెప్పినదాంట్ల సగం తీసేసి రాసుకోండ్రి. మిగిలినదాంట్ల గూడ సగం తీసెయ్యాలె."

లచ్చయ్యకు ఈ మాట బిరుదులాంటిది. నల్లగొండ దిక్కునుంచి పట్నమొచ్చి, కొత్తపేట పండ్ల మార్కెట్లో మామిడికాయలు మోసి మోసి ముసలివాడైన మనిషి. భార్య అరుణమ్మ పోయాక అతనికి మిగిలినవి రేకుల గది ఒకటి, కోతలు ఒక సంచెడు. కోతలకేం, ఎన్నైనా ఉన్నాయి. వినేవాళ్లే లేకుండా పోయారు.

వినేవాడు ఒకడుండేవాడు. గోడ అవతలి త్రినాథరావు. తణుకు నుంచి వచ్చి రెండేళ్లు కాలేదు, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాడు. సాయంత్రం గోడ మీద మోచేతులు ఆనించి లచ్చయ్య కోసే ప్రతి కోతకీ లెక్క కట్టేవాడు. "మేకను గాలి లేపుకుపోయిందంటున్నావు. బరువెంత? ఎంత ఎత్తు లేచింది?" అని అడిగేవాడు. ఇద్దరూ చీకటిపడేదాకా ఆ మేకను కిందికి దిగనిచ్చేవారు కాదు. పోయిన చలికాలంలో, తెలంగాణ కోసం జరిగిన ఒక బందు రోజు తర్వాత, ఆ మోచేతులు గోడ మీదికి రావడం మానేశాయి. తానేం తప్పు చేశాడో లచ్చయ్యకు అంతు పట్టలేదు. అడుగుదామంటే గేటు దాకా పోయి కాళ్లు వెనక్కి తిరిగేవి.

సంధ్యారాణి వెంట నడుస్తూ, మొదలు నుంచి మెలితిరిగిన మునగచెట్టు, వీధి మధ్యలో బోర్లాపడ్డ నీళ్ల ట్యాంకు, తీగలకు చిక్కుకున్న ఫ్లెక్సీ ముక్క చూపించాడు. "జై" ఒక స్తంభానికి, "తెలంగాణ" ఇంకో స్తంభానికి వేలాడుతున్నాయి.

"గాలికి గూడ తెల్వలే బిడ్డా, ఏది ఏడ పెట్టాల్నో. మా ఊరి గాలైతే తెలివిగల్లది. మా మేకను లేపుకపొయ్యి పక్కూళ్లె దించితే, ఆ ఊరోళ్లు దానికి పేరు గూడ పెట్టిండ్రు."

సంధ్యారాణి నవ్వలేదు. నవ్వకపోగా, "గా మాట ఎట్ల కొట్టెయ్యాలె తాతా, సగమా, మొత్తమా?" అంది. లచ్చయ్యకు ఆ పిల్ల నచ్చింది.

చివరికి అతని గది దగ్గరికొచ్చారు. పైన ఆకాశమే ఉంది. మంచం, చెంబు, దండెం మీది పంచె, గోడకున్న అరుణమ్మ ఫోటో, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

"రేకులేవి? చూడనిది రాయరాదు."

లచ్చయ్య గోడ వైపు గడ్డం ఎత్తాడు. గాలి అతని రేకులన్నీ తీసుకుపోయి త్రినాథరావు పెరట్లో కుప్పపోసింది. నిన్ననే పోయి అడిగి తెచ్చుకోవచ్చు. అడగలేక రాత్రి చుక్కల కింద పడుకున్నాడు.

"పా తాతా, సూపియ్యి" అంటూ ఆమె అప్పటికే గేటు తీసింది.

త్రినాథరావు వరండాలో లేచి నిలబడ్డాడు. అతని భార్య కుసుమకుమారి గుమ్మంలోనే ఆగిపోయింది. లచ్చయ్య ఇద్దరి మొహాలూ చూడకుండా రేకుల దగ్గరికి పోయాడు.

"ఇవి నీయేనా?"

"నాయే. అర్రంత ఆగమైంది బిడ్డా."

"ఆగమైందా?" కుసుమకుమారి అడిగింది. "అంటే ఏంటండీ?"

"పాడయిందమ్మా," అంది సంధ్యారాణి రాసుకుంటూనే. "చెల్లాచెదురైపోయిందన్నట్టు. దిక్కులేనోళ్లయితే గూడ అంటం, ఆగమైండ్రని."

కుసుమకుమారి భర్త వైపు చూసింది. త్రినాథరావు మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు.

"లచ్చయ్యా, ఆ బందు రోజు నువ్వు ఊరేగింపులోంచి జెండాతో వచ్చావు. ఇక్కడ ఉండగలమో లేదో, మా ఊరు వెళ్లిపోదామనుకుంటున్నాం అన్నాను. నువ్వేమన్నావు?"

"మీరు పోతె మేం ఆగం అన్న. తప్పా?"

"మేం ఆగం అంటే, మీరు వెళ్లిపోయినా మేం ఆగేది లేదు, అంతు చూస్తాం అన్నావనుకున్నాం."

లచ్చయ్య జీవితంలో ఎన్ని అబద్ధాలాడాడో. అన్నీ నమ్మినట్టు తలూపిన మనిషి, ఆడిన ఒక్క నిజాన్ని ఇట్లా విన్నాడు.

"అయినా మీరు ఒక్కరే కదా లచ్చయ్యగారూ," అంది కుసుమకుమారి. ఆమె గొంతు తగ్గిపోయింది. "నేను అనకుండా మేం అన్నారేంటి? 'నేను ఆగం' అనుంటే, ఇది ఆగడం కాదని మాకు అప్పుడే తెలిసిపోయేది."

లచ్చయ్య కండువాతో రేకు మీది దుమ్ము తుడిచాడు.

"అరుణమ్మ ఉన్నప్పటి అలవాటమ్మా. నోరు ఇంక దిద్దుకోలే."

సంధ్యారాణి వెళ్లొస్తానని గేటు దాటింది.

"ఇల్లు అమ్మేశాం లచ్చయ్యా," అన్నాడు త్రినాథరావు. "రిజిస్ట్రేషన్ కూడా అయిపోయింది. నెలాఖరుకి తణుకు వెళ్లిపోతున్నాం."

లచ్చయ్య తలూపాడు. రేకుల కుప్పను పైనుంచి కిందిదాకా ఒకసారి చూశాడు.

"పట్టు, గోడ మీంచి అందిస్తాను. గంటలో అయిపోతుంది," అంటూ త్రినాథరావు చొక్కా చేతులు మడిచాడు.

"వద్దు సారూ. ఇయ్యాల్టికి ఒక్కటి చాలు. మిగిలినయి రోజుకొక్కటి తీస్కపోత. ముసలి పాణం, ఒక్కపారే మొయ్యలేను."

మామిడికాయల బుట్టలు మోసిన భుజాలని త్రినాథరావుకు తెలుసు. మడిచిన చేతులు మళ్లీ దించుకున్నాడు.

"మబ్బు పడుతోంది. వానొస్తే?" అంది కుసుమకుమారి.

"ఒస్తె తడుస్తం."

కుప్పలో అన్నిటికన్నా చిన్న రేకు ఏరుకుని నెత్తిన పెట్టుకున్నాడు. గేటు దగ్గరికి పోయాక వెనక నుంచి త్రినాథరావు గొంతు వినిపించింది.

"నిన్నటి గాలికి నీ రేకు ఎంత ఎత్తు లేచింది లచ్చయ్యా?"

నెత్తి మీద రేకుతో లచ్చయ్య మెల్లగా ఇటు తిరిగాడు.

"రేపు చెప్త సారూ. గా రేకు ఇంక దిగలే."