రోడ్డు దాటించే కర్ర

ఈల వేస్తే పిల్లలకు వినబడేది కాదు. నర్సీపట్నం రోడ్డు మీద క్వారీ టిప్పర్ల హారన్లు దాన్ని మింగేసేవి. అందుకే బడి ముందు రోడ్డు దాటించే జోగులు తన వెదురుకర్ర అడుగున నేలకు కొడితే మోగేలా ఇనప పొన్ను తొడిగి బిగించుకున్నాడు. కర్ర ఒక్కసారి మోగితే ఉన్నచోటే ఆగాలి. రెండుసార్లు మోగితే దాటాలి. రెండేళ్లుగా పిల్లలకు నేర్పిందదే. ఈ రెండేళ్లలో ఒక్క బిడ్డ మోకాలు కూడా గీరుకోలేదు.

కుర్రతనంలో కర్రసాము చేసిన చేతులవి. రోలుగుంట తీర్థం జాతరలో ఒకడి దవడ పగలగొట్టాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అది తెలిసే హెడ్‌మిస్ట్రెస్ లక్ష్మీదేవిగారు మొదటిరోజే అన్నారు, "ఎవరేమన్నా చెయ్యెత్తకు జోగులూ. నీ పని పిల్లలు."

ఆ ఉదయం రోడ్డు ఎడమ అంచున ముప్పైమంది పిల్లలు వరసలో నిలబడ్డారు. అందరికంటే ముందు ఒకటో తరగతి చిట్టితల్లి. జోగులు రోడ్డు మీదకొచ్చి ఎర్రబోర్డు ఎత్తాడు. కంకర టిప్పరు ఆగినట్టే ఆగి ముందుకు దూకింది. బంపరు మోకాలికి తగిలాక గాని బ్రేకు పడలేదు.

డ్రైవరు గంగులు చేతిలో ఇనప రాడ్డుతోనే దిగాడు.

"ఏటిరా ముసిలోడా, రోడ్డు నీ బాబేసినాడేటి?"

"పిల్లలు బాబూ. రెండు నిమిషాలు."

చెంప పేలింది. పెదవి పంటికి తగిలి చీలింది. జోగులు కదల్లేదు. గంగులు డొక్కలో తన్నాడు. టోపీ పీకి టైరు కింద పడేశాడు.

"తప్పుకోకపోతే నిన్నూ, ఆ పిల్లగుంటల్నీ కలిపి తొక్కేత్తాను. ఏటి సేత్తావు?"

ఆ మాటకు జోగులు చేతులు తమ పాత పని తాము చూసుకున్నాయి. కర్ర గిర్రున తిరిగింది. పొన్ను రాడ్డుకు తగిలి ఠంగుమంది. గంగులు వేళ్లు చితికి రక్తం చిమ్మింది. రెండో దెబ్బ తలకే. గంగులు వంగి తప్పించుకున్నాడు. కర్ర వెళ్లి బంపరు మీద ఠంగుమంది.

రెండు మోతలు. పిల్లలు రోడ్డు మీదకు దిగారు.

టిప్పరును దాటుకుంటూ వెనకనుంచి చెరకు ట్రాక్టరు వస్తోంది. మధ్యలో టిప్పరు అడ్డం. పిల్లలకు అది కనబడదు, దాని డ్రైవరుకు పిల్లలు కనబడరు. చిట్టితల్లి టిప్పరు ముక్కు దాటబోతోంది.

కర్ర ఒక్కసారి నేలకు మోగాలి. అందుకు గంగులుకు వీపు తిప్పాలి. గంగులు ఎడం చేత్తో రాడ్డు ఎత్తడం జోగులు చూశాడు. చూసే వీపు తిప్పాడు. పొన్నును రోడ్డుకేసి కొట్టాడు.

ఠంగ్.

చిట్టితల్లి కాలు ఎత్తింది ఎత్తినట్టే ఆగింది. వెనక వరసంతా ఆగింది. ట్రాక్టరు బర్రుమని పోతూ, చెరకాకుతో ఆ పిల్ల రిబ్బను లాక్కుపోయింది. అదే క్షణంలో రాడ్డు జోగులు భుజాన పడింది. ఎముక విరిగిన చప్పుడు అతని చెవికే వినబడింది.

అప్పటికే పరుగెత్తుకొచ్చిన టీకొట్టు తాతబ్బాయీ, మరో నలుగురూ గంగులును కింద పడేసి తొక్కుతున్నారు.

"ఆగండెహె!" రక్తం ఉమ్ముతూ అరిచాడు జోగులు. "పిల్లలింకా దాటలేదు!"

కుడిచెయ్యి వేలాడుతోంది. కర్ర ఎడం చేతిలోకి మార్చుకుని, అటూ ఇటూ చూసి, రెండుసార్లు కొట్టాడు. వరస కదిలింది. చిట్టితల్లి అతని దగ్గర ఆగింది.

"తాతా, ఇందాక కూడా రెండు మోగినాయి కదేటి?"

"మోగినాయమ్మా. నానే కొట్టినాను. బేగి నడు."

ఆఖరి పిల్ల గేటు దాటాక కర్ర తీసుకెళ్లి లక్ష్మీదేవిగారి ముందు పెట్టాడు.

"సెయ్యెత్తేసినానమ్మగారూ," అన్నాడు.