పైడయ్య చేతులు

పైడయ్య రేడియేటరులో నీళ్లు పోస్తూ "వీ ఓ హెచ్ ఎస్" అనుకున్నాడు. టైర్లను ఒక్కొక్కటే కాలితో తన్ని చూస్తూ "వీ ఓ వీ జెడ్" అనుకున్నాడు. మొదటిది హైదరాబాదు విమానాశ్రయం గుర్తు, రెండోది విశాఖపట్నానిది. చింతపల్లి జీపుల స్టాండులో మంచు ఇంకా విడలేదు. అన్నం క్యారేజీ అందించడానికొచ్చిన భార్య రాజులమ్మ ముఖం చిట్లించింది.

"ఏటా మంత్రాలు? నిద్ర లేసిన కాడ్నించీ అదే గొణుగుడు."

"మంత్రాలు కావే. ఈయేళ ఎలాగైనా దింపీవాల."

"ఏటి, జనాన్నా?"

"ఇమానాన్ని."

"ముందు జనాన్ని బేగి దింపు," అని నవ్వుతూ వెళ్లిపోయింది రాజులమ్మ. ఊళ్లో అందరూ అలాగే నవ్వేవారు. పైడయ్యకు అందులో తప్పేమీ కనిపించేది కాదు.

అతనికి యాభై ఆరేళ్లు. పొట్టి మనిషి, బలమైన భుజాలు. కిటికీలోంచి బయటపెట్టే కుడిచెయ్యి ఎండకు నల్లబడిపోయింది. గేరురాడ్డు పట్టుకునే ఎడమ అరచెయ్యి కాయలు కాసింది. ముప్పై ఏళ్లుగా చింతపల్లి నుంచి నర్సీపట్నం దిగడం, మళ్లీ ఎక్కడం, అంతే పని. ఒక్క ప్రమాదం చెయ్యలేదు. చేసుంటే పేపర్లో పేరైనా పడేది. చెయ్యనివాడిని ఎవరు రాస్తారు?

జీపు కదిలింది. లోపల పదమూడు మంది, టాపు మీద మిరియాల బస్తాలు, వాటి మీద ఇంకో ముగ్గురు. ఘాటీ రోడ్డు మొదలవగానే రెండో గేరులో పడేశాడు. ప్రతి మలుపు దగ్గరా బొటనవేలు హారను మీదికి వెళ్లింది. ఎక్కేవాడు ఎదురైతే ఆగి దారిచ్చాడు. సగం దిగాక ఒక మలుపుంది. పన్నెండేళ్ల కిందట తమ్ముడు సోమన్న, డీజిలు మిగులుతుందని గేరు తీసేసి న్యూట్రల్‌లో దిగుతూ, అక్కడే లోయలో పడి పోయాడు. ఆ చోట పైడయ్య ఎడమచెయ్యి గేరురాడ్డును మరింత గట్టిగా పట్టుకుంటుంది. ఎందుకని ఎవరూ అడగలేదు, తనూ చెప్పలేదు.

మధ్యాహ్నం పన్నెండుకల్లా తిరిగి వచ్చేసి, జీపును స్టాండులో వదిలి, జూనియర్ కాలేజీ క్వార్టర్లకు పరుగులాంటి నడక నడిచాడు. ఫిజిక్సు లెక్చరరు రమణమూర్తి మేష్టారు రిటైరయ్యారు. మూడింటికి సామాను లారీ వస్తుంది, అందులోనే ఆయన సొంతూరు పార్వతీపురం వెళ్లిపోతారు. ఆయనతోపాటు విమానమూ పోతుంది. ఇక ఈ కొండల్లో ఇంకొకటి దొరకదు.

రెండేళ్ల కిందట ఆ విమానాన్ని అట్టపెట్టెల్లో పైకి తెచ్చింది పైడయ్య జీపే. కంప్యూటరు, పెద్ద తెర, స్టీరింగు లాంటి పిడి, ఇంజన్ల లివర్లు, కాళ్ల కింద పెడళ్లు. ఆట కాదు, అసలు విమానం ఎలా నడుస్తుందో ఇదీ అలాగే నడుస్తుందన్నారు మేష్టారు. కూర్చుని చూడమన్నారు. ఆ రోజు నుంచి ఖాళీ ఉన్న మధ్యాహ్నమల్లా పైడయ్య అక్కడే.

నేర్పడం అంత సులువు కాలేదు. మార్గమంతా కంప్యూటరులో ఎక్కిస్తే ఆటోపైలట్ తనంతట తానే మలుపు తిప్పుతుంది. విమానం ఒరగగానే పైడయ్య బొటనవేలు హారననుకుని నొక్కేది. పిడి మీద ఆ చోట ఉన్నది ఆటోపైలట్‌ను తీసేసే మీట. సైరను కుయ్యోమనేది, మేష్టారు తల పట్టుకునేవారు. "ఆకాశంలో ఎదురొచ్చేది ఎవడయ్యా?" అనేవారు. ఆ అలవాటు పోవడానికే ఏడాది పట్టింది.

రెండోది మాత్రం పోలేదు. విమానం దిగేటప్పుడు ఇంజన్ల జోరు పూర్తిగా తగ్గిపోతుంది. ఆ చప్పుడు సన్నబడగానే పైడయ్య ఎడమచెయ్యి పిడి వదిలి గేరురాడ్డు కోసం తడుముకునేది, కుడిచెయ్యి లివర్లను ముందుకు నెట్టేసేది. విమానం దిగకుండా వేగమందుకుని, విశాఖపట్నం దాటేసి సముద్రం మీదికి పోయేది. ఏడుసార్లు అలాగే పోయింది.

ఇవాళ గదంతా అట్టపెట్టెలే. పుస్తకాల పెట్టెల మీద కంప్యూటరు ఒక్కటే మిగిలింది. పైడయ్య దారిలో ఊళ్లు, ఎత్తు, గాలి, ప్రయాణికుల బరువు అన్నీ ఒక్కొక్క అక్షరం వెతికి కొట్టాడు. ఏడో తరగతితో ఆగిన చదువు. మేష్టారు ఒక్కసారి కూడా సరిదిద్దలేదు.

తెర మీద హైదరాబాదులో గాల్లోకి లేచారు. ముప్పైమూడు వేల అడుగులు ఎక్కారు. నలభై నిమిషాలు గడిచాయి. దిగే చోటు దగ్గరపడింది. ఎంత ఎత్తుకు దిగాలో ఆ అంకెను ముందే మీట తిప్పి పెట్టాడు. ముక్కు వంగింది, చప్పుడు సన్నబడింది.

"ఇంజను సచ్చిపోనాది మేష్టారూ!"

"చావలేదు. నిదానంగా తిరుగుతోంది. చేతులు తియ్."

"మా తమ్ముడు ఇలాగే న్యూట్రల్లో దిగీసినాడు."

మేష్టారు అతనివైపు తిరిగారు. ఆయనకు ఇన్నాళ్లూ తెలియని మాట అది.

"ఇది లెక్క లేకుండా దిగడం కాదు పైడయ్యా. ఎక్కడ మొదలుపెడితే ఎక్కడికి చేరుతుందో అది ముందే కట్టుకుంది. ఆ లెక్కకు అంకెలన్నీ ఇచ్చింది నువ్వేగా."

పైడయ్య తను కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీ చేతులను రెండు అరచేతులా అదిమి పట్టుకున్నాడు. వేళ్లు తెల్లబడ్డాయి. విమానం దిగుతూనే ఉంది. ఎడమ కిటికీలో పచ్చటి కొండలు వచ్చాయి, వాటి మీద సన్నటి గీత.

"మన ఘాటీ! మేష్టారూ, అది మన రోడ్డే! నర్సీపట్నం మీదున్నాం!"

రోజుకు ముప్పావు గంట బిక్కుబిక్కుమంటూ దిగే దారి అది. రెండు నిమిషాల్లో వెనక్కు వెళ్లిపోయింది. సోమన్న మలుపు ఎక్కడో కనిపించలేదు. భయపడాల్సిన చోట తనకు ఇంత సంతోషం ఎలా వచ్చిందో పైడయ్యకు అర్థం కాలేదు, కళ్లు మాత్రం తడిశాయి.

సముద్రం మీదికి వెళ్లి చుట్టు తిరిగారు. మేష్టారు చెప్పగానే చక్రాలు దింపాడు, చెయ్యి మళ్లీ కుర్చీకి తెచ్చుకున్నాడు. ఎదురుగా రన్‌వే. స్పీకరులో గొంతు యాభై, ముప్పై, ఇరవై, పది అని ఇంగ్లీషులో లెక్కపెట్టింది. చక్రాలు నేలను తాకి తెర ఒక్కసారి అదిరింది.

"ఇప్పుడు నీది, బ్రేకు తొక్కు!"

తొక్కాడు. విమానం ఆగింది. పైడయ్య లేచి నిలబడి అరిచాడు.

"దిగీసింది! నాను ముట్టనేదు మేష్టారూ, ఒట్టు!"

మేష్టారు అతన్ని కావలించుకున్నారు. ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వారు.

బయట లారీ హారను వినిపించింది. సామాను ఎక్కించడానికి అరగంటైనా పట్టలేదు. మేష్టారు లారీలో ముందు కూర్చుని కిటికీలోంచి, "పార్వతీపురం రా. అక్కడా బిగిస్తాను," అన్నారు. వస్తానన్నాడు పైడయ్య. ఏడెనిమిది గంటల దారి, పైడయ్య జీపు అటు ఎప్పుడూ పోదని ఇద్దరికీ తెలుసు. పైడయ్య లారీ నడిపే కుర్రాడి దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"రెండో గేరులో దిగు బాబూ. న్యూట్రల్ సెయ్యకు."

లారీ మలుపు తిరిగేదాకా చూసి, క్వార్టరుకు తాళం వెయ్యడానికి వెనక్కొచ్చాడు. ఖాళీ గది మధ్యలో, లారీలో చోటు చాలక వదిలేసిన ప్లాస్టిక్ కుర్చీ ఉంది. దాని రెండు చేతుల మీదా అతని అరచేతుల చెమట ఆ చలికి ఇంకా ఆరలేదు.