బంగారు రేకు కింద నంబరు

ఐదు నెలల కిందట నూనె ఓడుతూ, పెచ్చులూడిన ఒంటితో ఓడెక్కి తైవాన్ వెళ్ళిన ముసలి మిషన్ కొత్త ఆకుపచ్చ రంగేసుకుని పెళ్ళికూతురిలా తిరిగొచ్చింది. లేమ్ చబాంగ్ రేవులో, తనిఖీ షెడ్డు కింద, దాని మీద కప్పిన ప్లాస్టిక్ తొలగించగానే ప్రమోత్‌కి ముచ్చటేసింది. ఆ ముచ్చట నిమిషం కూడా నిలవలేదు. మిషన్ పక్కన తళతళలాడుతున్న ఇత్తడి పలక మీద నంబరు చదివాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు. చేతిలో ఉన్న కాగితం చూశాడు. 

కాగితంలో 30618. మిషన్ మీద 30621.

ప్రమోత్ పని ఇతరుల సరుకుని కస్టమ్స్ దాటించడం. రేవులో ఇలాంటివాళ్ళని 'షిప్పింగ్' అంటారు, వాళ్ళకి పడవ ముక్క కూడా లేకపోయినా. ఇరవై ఆరేళ్ళలో ఆయన సంతకం పెట్టిన కాగితం ఒక్కటి వెనక్కి రాలేదు. మనిషికి పొగరు లేదు గానీ, మెడలో వేలాడే లైసెన్సు కార్డంటే మాత్రం మహా ప్రాణం. అన్నం తినేటప్పుడు కూడా తీయడు. పులుసు పడకుండా భుజం మీదకి వేసుకుని తింటాడు. పెళ్ళాం నవ్వినా సరే.

మరమ్మతుకని విదేశం పంపిన మిషన్ ఏడాదిలోపు తిరిగొస్తే మళ్ళీ దిగుమతి సుంకం అడగరు. అయితే వెళ్ళిందీ వచ్చిందీ ఒకటే అని తేలాలి. అది తేల్చేది నంబరే. నంబరు కలవకపోతే, పాతది అక్కడ అమ్మేసి ఇంకోటి దొంగచాటుగా తెచ్చారని అర్థం. ఆ అర్థం ప్రమోత్‌కి ఎవరూ చెప్పనక్కర్లేదు, పాతికేళ్ళుగా అదే అందరికీ చెబుతున్నాడు.

తనిఖీకి వచ్చిన అధికారి నలిన్‌కి ముప్పై దాటవు. ఏ మాటకీ మొహంలో గీత కదలదు. ఆవిడ కూడా పలక చూసింది, కాగితం చూసింది.

"బాబాయ్, వెళ్ళింది ఒకటి, వచ్చింది ఇంకోటి. అంతేనా?"

"అదే మిషనండీ మేడమ్. నేను కళ్ళారా ఎక్కించాను."

"కాగితం కాదంటోంది మరి."

 తప్పు ఎక్కడ జరిగిందో ప్రమోత్‌కి ఆ క్షణంలోనే తెలిసిపోయింది. చేసింది తనే కాబట్టి తెలియకేం.

మిషన్ సమ్‌రోంగ్‌లో కిమ్‌లాంగ్ అక్కది. ఇనప పళ్ళ చక్రాలు, అంటే గేర్లు, కోసే మిషన్. వరి కోత యంత్రాల్లో అరిగిపోయిన గేర్లకి బదులు కొత్తవి చేసిపెట్టడం ఆమె షెడ్డు పని. ఆమె మొగుడు చెంగ్ ఇరవై రెండేళ్ళ కిందట ఒకే కంపెనీవి, ఒకే అచ్చువి రెండు మిషన్లు కొన్నాడు. ఒకదాన్ని తర్వాత కోరాత్‌లో ఎవరికో అమ్మేశాడు. రెండోదాన్ని కన్నకూతురిలా చూసుకున్నాడు. ఏటా గురుపూజ గురువారం నాడు భిక్షువు వచ్చి సున్నపు ముద్దతో మూడు చుక్కలు పెడితే, చెంగ్ వాటి చుట్టూ బంగారు రేకు అంటించేవాడు. ఎక్కడ అంటించేవాడు అంటే సరిగ్గా నంబరు పలక మీదే. మనిషికి నుదురెంతో, మిషన్‌కి పేరున్న చోటు అంత అని ఆయన లెక్క. ఆ చుట్టుపక్కల ఏ షెడ్డుకి వెళ్ళినా ఇదే లెక్క. చెంగ్ పోయి మూడేళ్ళయింది. ఆయన చెయ్యాల్సిన పూజ కిమ్‌లాంగ్ చేస్తోంది. ఆ విధంగా పలక మీద బంగారం, సున్నం, నూనె కలిసి బిళ్ళ కట్టేశాయి.

మిషన్ పంపే రోజున నంబరు చూసుకోవడానికి ప్రమోత్ జేబులోంచి చిన్న కత్తి తీశాడు. తీసినవాడు అలాగే నిలబడిపోయాడు.

"గీకుతావా తమ్ముడూ?" అంది కిమ్‌లాంగ్. "గీకు. దేవుడి నుదురు గీకి ఊరికి పంపిస్తే క్షేమంగా వస్తుందేమో చూద్దాం."

"నేనెక్కడ గీకానక్కా. చూస్తున్నానంతే."

"కత్తితోనా చూడ్డం? పాత కాగితాలు ఉన్నాయి, ఆగు."

ఆమె బీరువాలోంచి తెచ్చిన కాగితంలో నంబరు ఉంది. ప్రమోత్ అదే ఎక్కించాడు. 'నంబరు స్వయంగా చూసి సరిపోల్చాను' అన్న గడి కింద సంతకం కూడా పెట్టాడు. చేతిలో కత్తి ఉండి కూడా గీకలేని తన మనసుని తనే మెచ్చుకున్నాడు ఆ రోజు. కవలల జాతకాలు ఒకే సంచీలో ఉంటే ఒకరిది ఇంకొకరికి అంటగట్టడం ఎంతసేపు? ఆ కాగితం కోరాత్ వెళ్ళిపోయిన మిషన్‌ది.

నలిన్ బల్ల మీద కాగితాలు సర్దుతోంది. "మిషన్‌కి సీలు వేసి గోడౌన్‌కి పంపుతాను. విచారణ అయ్యేదాకా అక్కడే. మీ కార్డు కూడా ఇవ్వాల్సి వస్తుంది బాబాయ్. అది ఆపడం నా చేతిలో లేదు."

విచారణ అంటే నెలలు. సుఫాన్‌బురిలో కోతలు ఇంకా మూడు వారాలు. పదకొండు కోత యంత్రాల వాళ్ళు గేర్ల కోసం కిమ్‌లాంగ్‌ని రోజూ ఫోన్లో పీక్కుతింటున్నారు. ఈ మిషన్ తిరగకపోతే వాళ్ళు ఇంకో షెడ్డు చూసుకుంటారు, ఒకసారి వెళ్ళినవాళ్ళు మళ్ళీ రారు. ప్రమోత్ చెయ్యి తనకి తెలియకుండానే కార్డు మీదకి వెళ్ళింది.

"ఒక్క మాట అడుగుతాను," అంది నలిన్. "బాగుచేసేటప్పుడు అక్కడివాళ్ళు పలక మార్చారా? అలా జరుగుతుంది ఒక్కోసారి."

అవునంటే చాలు. తప్పు సముద్రం దాటి తైవాన్‌లో కూర్చుంటుంది. అక్కడికెళ్ళి ఎవరు ఎవరిని అడుగుతారు? ప్రమోత్ పలక వైపు చూశాడు. నాలుగు మూలలా నాలుగు రివెట్లు, తలలు అరిగి నల్లబడి ఉన్నాయి. ఇరవై రెండేళ్ళుగా వాటిని ఎవరూ కదపలేదు. ఆ సంగతి తనకి తెలుసు. కాసేపు చూస్తే ఆవిడకీ తెలుస్తుంది, కానీ ఆవిడ చూస్తుందని కాదు, ఇరవై ఆరేళ్ళుగా చెప్పని అబద్ధం ఇవాళ నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

"మార్చలేదు మేడమ్. తప్పు నాదే."

"నంబరు కళ్ళారా చూశానని రాశారు కదా."

"చూడలేదు. బంగారం కింద ఉంది. గీకడానికి చెయ్యి రాలేదు. చూడకుండా చూశానని రాసేశాను."

ఆ మాటలు అనేశాక భయం తగ్గలేదు గానీ, సిగ్గు కొంచెం తగ్గింది. 

సరిగ్గా అప్పుడే కిమ్‌లాంగ్ లోపలికి వచ్చింది. మిషన్‌ని ఎదుర్కోలు చేద్దామని బంతిపూల దండ, అరటి అత్తం పట్టుకుని తెల్లవారుజామునే బయల్దేరి వచ్చిన మనిషి. గేటు దగ్గర ఇచ్చిన హెల్మెట్ కళ్ళ మీదకి జారుతోంది. సీలు సంగతీ, నంబరు సంగతీ ఆమెకి ఇంకా తెలియదు. ఆమె కళ్ళు నేరుగా బోసిగా మెరుస్తున్న పలక మీద పడ్డాయి.

"బంగారం ఏది?"

ప్రమోత్ ఆమెకి ఎదురెళ్ళాడు.

"ప్రమోత్, నిన్నే. మా ఆయన పెట్టిన బంగారం ఏది?"

"అక్కా, అంతకంటే పెద్ద సంగతి ఒకటుంది..."

"అంతకంటే పెద్ద సంగతి ఏముంటుంది?" అరటి అత్తం తీసుకెళ్ళి ప్రభుత్వం వారి బల్ల మీద, కాగితాల మధ్య పెట్టింది. "ఆ లియావ్‌ని ఇవాళ కడిగి ఆరేస్తాను."

లియావ్ తైవాన్‌లో మిషన్ బాగుచేసిన ముసలాయన. ఈమె మాట్లాడే తెచ్యూ, ఆయన మాట్లాడే హొక్కియన్, రెండు భాషలూ దూరపు చుట్టాలు. సగం అర్థమవుతుంది, మిగతా సగం గొంతుని బట్టి ఊహించుకోవాలి. ఆమె గొంతు ఊహకి ఏమీ వదలలేదు. ఫోన్ స్పీకర్లో పెట్టి మొదలుపెట్టింది.

"మిషన్ బాగుచెయ్యమన్నానా, మిషన్ మొహం తోమమన్నానా? చెత్తబుట్టలో వేశావా నా మొగుడి బంగారం?"

అవతల ఆయన దగ్గాడు. "నా ఇంట్లో మాత్రం దేవుళ్ళు లేరా చెల్లెమ్మా? తోమేముందు ఆవిరి పట్టించి లేపాను. పెచ్చు ఊడకుండా రావడానికి ఒక పూటంతా పట్టింది. టీ డబ్బాలో దూది వేసి పెట్టాను. కరెంటు పెట్టె తెరువు, పై అరలో ఉంటుంది. డబ్బా మీద చీటీ కూడా అంటించానే."

కిమ్‌లాంగ్ కడిగి ఆరెయ్యడానికి తెచ్చుకున్న తిట్లన్నీ మిగిలిపోయాయి. "ముందే చెప్పొచ్చు కదా," అని మాత్రం అని ఫోన్ పెట్టేసింది.

ప్రమోత్ మిషన్ వెనక్కి వెళ్ళి కరెంటు పెట్టె తెరిచాడు. పై అరలో ఎర్ర టీ డబ్బా. తెచ్చి బల్ల మీద పెట్టి మూత తీస్తే, దూదిలో అరచేతి కంటే చిన్న బిళ్ళ. నిగనిగలాడే పసుపు, మధ్యలో తెల్లటి మూడు చుక్కలు.

నలిన్ సరుకు జాబితా తిరగేసింది. "ఇది ఇందులో లేదు."

 నంబరు తప్పు ఒకటి చాలదన్నట్టు, ఇప్పుడు చెప్పకుండా తెచ్చిన బంగారం. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే కాబోలు అనుకున్నాడు ప్రమోత్.

"ఇక్కణ్ణించి వెళ్ళిందే తల్లీ," అంది కిమ్‌లాంగ్. "పోయింది, వచ్చింది. దానికీ సుంకం కడితే దేవుడు కూడా సంతకం పెట్టాలి."

 మిషన్ ఎగుమతి అయిన రోజు ఫోటో ప్రమోత్ కాగితాల్లోనే ఉంది. నలిన్ దాన్ని బిళ్ళ పక్కన పెట్టింది. చుక్కలు అవే, విరిగిన మూల అదే. "ముందు వైపు ఫోటోతో కలుస్తోంది," అంది. "కానీ కలిసింది బిళ్ళ ఒక్కటే కదా బాబాయ్, మిషన్ కాదు. ఇది ఏ మిషన్ మీదనైనా ఉండొచ్చు."

ఆ మాట అంటూ బిళ్ళని మెల్లగా ఎత్తింది. ప్రమోత్ బల్లకి అటువైపు ఉన్నాడు. నలిన్‌కి ముందు వైపు కనబడుతోంది, అతనికి వెనక వైపు. ఇరవై ఆరేళ్ళుగా పలకలు చదివిన కళ్ళు కదా, ఊరుకోలేదు.

"మేడమ్, దించకండి. అలాగే పట్టుకోండి ఒక్క క్షణం."

"ఏం?"

"వెనక ఉంది. నంబరు వెనక ఉంది."

పలక మీద చెక్కిన అంకెల్లోకి మొదటి ఏడు పెట్టిన సున్నం దిగింది. ఏటా పైన పడ్డ ప్రతి పొరా దాన్ని అదిమింది. బిళ్ళ వెనక అంకెలు ఉబ్బెత్తుగా లేచి ఉన్నాయి, అద్దంలో లాగా తిరగబడి. నాలుగు మూలలా రివెట్ తలల గుంటలు. నలిన్ ఫోన్‌తో ఫోటో తీసి బొమ్మని అడ్డంగా తిప్పింది. తెర మీద 30621.

అప్పుడు ఆవిడే లేచి మిషన్ దగ్గరికి వెళ్ళింది. బిళ్ళని పలక మీద ఆనించి చూసింది. గిన్నె మీద దాని మూతలాగా కూర్చుంది. గుంటలో రివెట్, గాడిలో అంకె, ఎక్కడా వెంట్రుక వాసి తేడా లేదు. ముందు వైపు ఫోటోలోది, వెనక వైపు ఈ పలకది. ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

"అదే మిషన్," అంది నలిన్.

ప్రమోత్ పక్కనే ఉన్న చెక్కపెట్టె మీద కూలబడ్డాడు. గుండెల మీద కుంపటి దించినట్టయింది. కిమ్‌లాంగ్‌కి అప్పుడు మొత్తం కథ చెబితే విని, తన బీరువాలోంచి వచ్చిన కాగితమే ఇంత పని చేసిందని తెలిసి, ఒక అరటిపండు వలిచి అతని చేతిలో పెట్టింది. అది ఆమె క్షమాపణ. ఆమె అంతకంటే ఎక్కువ ఎవరికీ చెప్పదు.

నలిన్ దిద్దుబాటు కాగితం రాసింది. తప్పు నమోదుకి చిన్న జరిమానా, మిషన్‌కి విడుదల. కార్డు మాట ఎత్తలేదు. సంతకానికి కలం అందిస్తూ అడిగింది.

"మళ్ళీ ఇలాంటి మిషన్ వస్తే గీకుతారా బాబాయ్?"

ప్రమోత్ ఆలోచించాడు. "గీకనండీ."

"మరి?"

"నంబరు కనబడలేదని రాస్తాను."

నలిన్ తలాడించింది. దిద్దుబాటు కాగితంలో కూడా అదే గడి ఉంది, నంబరు స్వయంగా చూసి సరిపోల్చాను అని. ప్రమోత్ కలం పట్టుకుని, పెట్టబోయి, ఆగాడు. లేచి మిషన్ దగ్గరికి నడిచాడు. ఇంతమందీ ఇంతసేపు చదివిన నంబరే అయినా, పలక మీద వేలు పెట్టి ఒక్కొక్క అంకె పైకి చదువుకున్నాడు. మూడు, సున్నా, ఆరు, రెండు, ఒకటి. తిరిగొచ్చి అప్పుడు సంతకం పెట్టాడు.

మిషన్ లారీ ఎక్కేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. గేటు బయట బండి దగ్గర కిమ్‌లాంగ్ ఇద్దరికీ పందికాలు పులుసన్నం చెప్పింది, అతనికి రెండు గుడ్లు వెయ్యమంది. టీ డబ్బా ఒళ్ళోంచి దించలేదు.

"ఇది మళ్ళీ ఎక్కడ పెట్టమంటావు తమ్ముడూ?"

"మోటారు మూత మీద పెట్టక్కా. నుదురు కాకపోతే నెత్తి."

"ఆయనకి నచ్చుతుందంటావా?"

"ఇవాళ మనల్ని గట్టెక్కించింది ఆయనే. నచ్చకపోతే చెప్పేవాడు."

ఆమె మొహం తిప్పుకుని పచ్చిమిరపకాయల గిన్నె కోసం వెతికింది. గిన్నె ఎదురుగానే ఉంది. ప్రమోత్ చూడనట్టు ఊరుకున్నాడు. పళ్ళెం రాగానే ఆవురావురుమంటూ మొదలుపెట్టాడు, పొద్దున్నుంచి కడుపులో ఏమీ లేదు. నాలుగు ముద్దలు తిన్నాక గానీ గుర్తు రాలేదు, కార్డు భుజం మీదకి వేసుకోలేదని. అప్పటికే దాని మీద పులుసు చుక్క పడింది. బొటనవేలితో తుడిచి, ఈసారి వేసుకుని, ఇంకో గుడ్డు చెప్పాడు.