పక్కసీటు బ్రేకు

నేను కారు నడపడం నేర్పిస్తాను. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. మా బడి కారులో నేర్చుకునేవాళ్ల కాళ్ల దగ్గర మూడు పెడళ్లుంటే, పక్కసీటులో నా కాళ్ల దగ్గర రెండే ఉంటాయి. ఒకటి క్లచ్, రెండోది బ్రేకు. మీకు యాక్సిలరేటరు లేదేమని ఎవరైనా అడిగితే, "ఆపడం నా పని, పోవడం మీ పని" అని నవ్వేవాణ్ని. ఇప్పుడా జోకు మానేశాను.

నా దగ్గర నేర్చుకున్న బేకరీ ఆయన ఒకడు, లైసెన్సు వచ్చాక సొంత కారు కొనుక్కుని మొదటి రోజే ఫోను చేశాడు. "సార్, పక్కసీటు ఖాళీగా ఉంటే నాకు కాలు ఆడట్లేదు. మీరేం చెయ్యొద్దు, ఊరికే వచ్చి కూర్చోండి" అన్నాడు. ఆ మాట చెప్పుకుని రెండు వారాలు నవ్వాను. కనిపించినవాళ్లందరికీ చెప్పాను. మా అమ్మాయికి కూడా చెప్పాను, అదీ పడీ పడీ నవ్వింది.

మా అమ్మాయి వసపిట్ట. మాటలు వచ్చిన రోజు నుంచి నోరు మూసింది లేదు. ఇంట్లో అందరం పిట్టా అనే పిలుస్తాం. ఎవరైనా దానితో కలిసి లిఫ్టు ఎక్కారంటే, నాలుగో అంతస్తు వచ్చేలోపు వాళ్ల తాతముత్తాతల సంగతులన్నీ దీని దగ్గరికి చేరిపోయేవి. కథ చదివితే, అందులో మనుషులు మా పై ఫ్లాటులో కాపురం ఉంటున్నట్టు వాళ్లమీద చాడీలు చెప్పేది. అన్నం తింటూ చెప్పేది, బట్టలు ఆరేస్తూ చెప్పేది. "ఒసే, ఆ కథలో వాళ్లకైనా కాసేపు రెస్టు ఇవ్వవే" అని వాళ్లమ్మ మొత్తుకునేది.

అలాంటి పిల్ల సాహిత్యం చదువుతానంటే ఎవరికి ఆశ్చర్యం? ఆ కాలేజీలో సీటు రావాలంటే రాత పరీక్షతో పాటు నోటి పరీక్ష కూడా గట్టెక్కాలి. చదివిన ఎనిమిది పుస్తకాల్లోంచి ఏదో ఒక పేజీ చేతికిస్తారు. పది నిమిషాలు చూసుకోవాలి. తర్వాత ఇద్దరు పరీక్షకుల ముందు కూర్చుని పది నిమిషాలు దాని గురించి మాట్లాడాలి. ఆ పది నిమిషాలూ వాళ్లు పలకరు, తల కూడా ఊపరు. మా పిట్టకు అది నల్లేరు మీద బండి నడక అనుకున్నాం. తీరా చూస్తే రాతలో బ్రహ్మాండమైన మార్కులు తెచ్చుకుని నోటి పరీక్షలో తప్పింది. "విషయం వదిలి తిరిగింది, ముగించలేకపోయింది" అని రాసి పంపారు. ఇచ్చేవి రెండే అవకాశాలు. రెండోదీ తప్పితే ఆ కాలేజీ గుమ్మం మళ్లీ ఎక్కనివ్వరు.

రెండోసారికి మూడు నెలల గడువుంది. వాళ్ల సాహిత్యం టీచరు బడి అయ్యాక కూర్చోబెట్టి ఉత్తుత్తి పరీక్షలు పెట్టేది. ఆవిడ దిద్దేది ఆకుపచ్చ ఇంకుతో. ఎర్ర ఇంకు చూస్తే పిల్లలకు గుండె జారుతుందని ఆవిడ నమ్మకం. పిల్లలందరూ ఆకుపచ్చ మేడమ్ అనేవారు, మేమూ అలాగే అనేవాళ్లం. మొదటి పరీక్ష అయ్యాక ఆవిడ రాసిచ్చిన కాగితం పిట్ట ఇంటికి తెచ్చింది.

"పద్నాలుగుసార్లు 'అంటే'. ఆరుసార్లు 'నాకనిపిస్తోంది'. వేగం ఎక్కువ. పేజీలో ఆధారం చూపించకుండానే అభిప్రాయం చెప్పేస్తోంది. ఆలోచన మాత్రం తన సొంతం. ఇంట్లో ఎవరైనా రోజూ కూర్చుని వింటే మంచిది."

నాకు లెక్కలు కనపడ్డాయి. పద్నాలుగు, ఆరు. వినమంది ఆవిడ, దిద్దమనలేదు. సొంత ఆలోచన గురించి రాసిన ముక్క మీద నా కన్ను ఆగనే లేదు. తప్పుల పట్టీ చూస్తే నాకు చేతులు ఊరుకోవు. మర్నాటి నుంచి నేను కూర్చుంటానని చెప్పాను.

ఇంట్లో కుదరదు. వాళ్లమ్మ మందుల షాపు నుంచి వచ్చి నడుం వాల్చే వేళ అది. అందుకని సాయంత్రం ఐదింటికి, చివరి పాఠం అయ్యాక, మూసేసిన గోడౌను వెనక ఖాళీ స్థలంలో కారు ఆపుకుని మొదలుపెట్టాం. నేర్చుకునేవాళ్లు కూర్చునే సీటు కాబట్టి అది స్టీరింగు ముందు కూర్చుంది. నేను నా సీట్లోనే. ఇంజను ఆపేసి ఉంది.

మొదటి రోజు తీసుకున్న పేజీ నాకిప్పటికీ గుర్తే. కొడుకు పోయిన ఒక ముసలామె ఇంటి కిటికీలన్నీ ఒక్కొక్కటే మూసుకుంటూ వస్తుంది. చివరికి ఒక్కటి మూయకుండా వదిలేస్తుంది. అంతే ఆ పేజీ.

"ఈవిడ కిటికీలు మూస్తోంది కదా, అంటే..."

నా కాలు బ్రేకు నొక్కింది. ఆలోచించి నొక్కలేదు. పక్కన తప్పు జరిగితే నొక్కడం ఈ కాలికి అలవాటు. ఇంజను ఆపిన కారులో పెడలు టక్కుమంది.

"ఏంటి నాన్నా?"

"అంటే అన్నావు."

"అది మాట కాదు నాన్నా, ఊపిరి."

"ఊపిరికి మార్కులుండవమ్మా. వెనక్కెళ్లి మళ్లీ రా."

నవ్వింది. వెనక్కెళ్లి మళ్లీ వచ్చింది. "నాకేమనిపిస్తోందంటే నాన్నా, ఆవిడ గాలికి భయపడి మూయట్లేదు. ఎందుకు మూస్తోందో తెలుసా..."

టక్.

"ఒక్క వాక్యంలో రెండు" అన్నాను.

ఎందుకు మూస్తోందో ఆ రోజు నేను వినలేదు. అది మళ్లీ మొదటి నుంచి వచ్చేసరికి ఆ మాట ఎక్కడో జారిపోయింది. నాకూ అడగాలనిపించలేదు. నా దృష్టంతా అంకెల మీదే ఉంది.

అంకెలు తగ్గాయి. పద్నాలుగు కాస్తా తొమ్మిదైంది, తొమ్మిది నాలుగైంది. నెల తిరిగేసరికి టక్కుమనగానే ఎందుకని అడగడం మానేసింది. తనంతట తనే ఆగి, తప్పు వెతుక్కుని, వెనక్కెళ్లి మళ్లీ వచ్చేది. ఇలాంటి శిష్యురాలు ఇరవై రెండేళ్లలో దొరకలేదని పొంగిపోయాను. రెండో ఉత్తుత్తి పరీక్ష కాగితంలో "'అంటే'లు దాదాపు పోయాయి" అని ఆకుపచ్చ మేడమ్ రాస్తే, దాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించాను.

"అంటేలు పోతే పోయాయి, మాటలు కూడా పోతున్నట్టున్నాయి కదండీ?" అంది మా ఆవిడ. "అన్నం తినేటప్పుడు కూడా నోరు విప్పట్లేదు అది."

"పరీక్ష దగ్గర పడుతోంది కదా" అన్నాను.

పరీక్ష పది రోజులుందనగా మూడో కాగితం వచ్చింది. "ప్రతి వాక్యం తర్వాతా ఆగిపోతోంది. నాలుగైదు సెకన్లు. ఆ సమయంలో పేజీ వైపు చూడట్లేదు, బల్ల కింద నా కాళ్ల వైపు చూస్తోంది."

సాయంత్రానికి ఆవిడే ఫోను చేసింది. "మీరు ఇంట్లో వింటున్నారా అండీ, ఇంకేమైనా చేస్తున్నారా?"

బ్రేకు సంగతి చెప్పాను. చెబుతుంటేనే నా గొంతు నాకు కొత్తగా వినపడింది. 

"ఇంక మీరేం చెయ్యకండి" అంది ఆవిడ.

ముందు ఆవిడ మీద కోపం వచ్చింది. కాగితాలు రాసేది ఆవిడ, నెపం నా నెత్తినా! ఆవిడ రాసిచ్చిన కాగితాలన్నీ తీసి మళ్లీ చదివాను. మొదటిదాంట్లో 'వింటే మంచిది' అనే ఉంది. అప్పుడు కోపం ఎవరి మీద పడాలో తెలియలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మొదలుపెట్టాను. మర్నాడు కారులో కాళ్లు రెండూ సీటు మీదికి మడిచి, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. "చూడు, కాళ్లే లేవు నాకు. పద" అన్నాను. ఒక వాక్యం చెప్పి ఆగింది. నా మోకాళ్ల వైపు చూసింది. వెనక సీట్లోకి మారాను. అద్దంలోంచి చూసింది. అద్దం పైకి తిప్పేశాను. వాక్యం అవగానే చెవి రిక్కించింది. కారు దిగి గోడౌను గోడ దాకా నడిచివెళ్లి అటు తిరిగి నిలబడ్డాను. తిరిగొచ్చి ఎంతవరకు వచ్చావంటే, రెండో వాక్యం అంది.

"నువ్వు నొక్కవని తెలుసు నాన్నా. తెలిసినా నోరు పెగలట్లేదు. చెప్పింది సరిగ్గా ఉందో లేదో తేలాకే కదా తర్వాతది చెప్పాలి?"

వాళ్లమ్మను ఎదురుగా కూర్చోబెట్టి, ఆవిడకి చెప్పించి చూశాం. ఆవిడ అన్నిటికీ "బాగుందమ్మా, చాలా బాగుంది" అంది. అది ఆ మాట కోసం కూడా ఆగింది. "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట" అంది మా ఆవిడ వంటింట్లోకి వచ్చి. ఒక్కసారే అంది. నా మొహం చూసి మళ్లీ అనలేదు.

నాలుగు రోజులుందనగా నాకు సహనం చచ్చింది. "మాట్లాడవే! ఎవరాపుతున్నారు నిన్ను?" అని కారు టాపు ఎగిరిపోయేలా అరిచాను. ఏడ్చినా బాగుండేది. అది ఏడవలేదు. "సారీ నాన్నా, వెనక్కెళ్లి మళ్లీ వస్తాను" అంది.

ఆ మాట విన్నాక నాకు స్టీరింగు వైపు చూడాలంటేనే భయం వేసింది. ఎవరికైనా ఆపడం నేర్పగలను, తిప్పడం నేర్పగలను. దాన్ని ముందుకు తోయడానికి నా వైపు ఏమీ లేదు.

పరీక్ష రోజు కారు నేనే నడిపాను. వరండా దాకా తల్లిదండ్రులను రానిచ్చారు. గది తలుపు మీద వెంటిలేటరు తెరిచి ఉంది. ఎదురుగా అటెండరు పేర్ల పట్టీ పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. పేజీ చూసుకునే పది నిమిషాలు అయ్యాక పిట్టను లోపలికి పిలిచారు. వెళ్తూ నా వైపు తిరిగి, "ఆ కిటికీల ముసలామే నాన్నా" అంది. మొహంలో కాస్త వెలుగు కనిపించింది. నాకూ ప్రాణం లేచొచ్చింది.

లోపలి నుంచి మాట స్పష్టంగా వినపడింది. "ఈ పేజీలో ఒక ముసలామె తన ఇంటి కిటికీలను ఒక్కొక్కటిగా మూస్తుంది."

ఒక్క తప్పు లేదు. తర్వాత ఏమీ లేదు. లెక్కపెట్టాను, ఆరు సెకన్లు.

"మొదటి కిటికీ వీధి వైపు ఉంది."

ఎనిమిది సెకన్లు.

ఆ ఇద్దరూ పలకరు కదా. పలకకూడదని వాళ్లకు నియమం. పిట్ట అక్కడ కూర్చుని వాళ్ల కాళ్ల వైపు చూస్తూ ఉంటుందని నాకు తెలుసు, నాకొక్కడికే తెలుసు. తలుపు తోసుకుని వెళ్లి "పోవే పిట్టా, రోడ్డు ఖాళీగా ఉంది, పో" అని చెప్పాలని ఉంది. గొంతు వినపడితే చాలు, పరీక్ష రద్దు చేసి పంపేస్తారు. నా కుడికాలు వరండా నేలను తొక్కుతూనే ఉంది. రెండు చేతులతో మోకాలిని పట్టుకుని ఆపాను.

"మీ అమ్మాయి చాలా నిదానమండీ" అన్నాడు అటెండరు మెల్లగా. "పొద్దున్నించి వచ్చినవాళ్లు గడగడా వాగేశారు. ఈ అమ్మాయి పద్ధతైన పిల్ల."

అవునన్నాను.

గంట కొట్టారు. అది బయటికి వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చుంది.

"మూడో కిటికీ దగ్గరే గంట కొట్టేశారు నాన్నా."

"ఎందుకాగావమ్మా?" అడక్కూడదని తెలిసీ అడిగాను.

"ఎక్కడ తప్పు చేస్తున్నానో తెలీలేదు. ఎవరూ చెప్పలేదు."

మూడు వారాలకు ఫలితం వచ్చింది. "చెప్పినదాంట్లో తప్పులు లేవు. చెప్పింది చాలా తక్కువ" అని ఉంది కింద. సీటు లేదు. ఇక రాదు. పిట్ట ఆ కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకుని, రేపటి నుంచి అమ్మతో మందుల షాపుకు వెళ్లి కౌంటరులో కూర్చుంటానంది. నేను ఏదో అనబోయాను. అది నోరు మూసుకుని నా మాట కోసం ఆగింది. అది చూసి నేనూ ఆగిపోయాను. పాఠం ఉందని చెప్పి కిందికి వెళ్లిపోయాను.

సాయంత్రం పాఠాలు ముగించుకుని వచ్చేసరికి మా ఫ్లాటు తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపలి నుంచి మాటలు వినపడ్డాయి. గిన్నెలు కడుగుతున్న చప్పుడు, దాని మీదుగా పిట్ట గొంతు.

"అంటే అమ్మా, నాకేమనిపించిందంటే, ఆవిడ గాలికి భయపడి కిటికీలు మూయలేదే. అంటే, వీధి గోలలో కొడుకు అడుగుల చప్పుడు వినపడకుండా పోతుందేమో అని మూసింది. పోయినవాడు రాడని తెలుసు. అయినా సరే. అందుకే చూడు, ఒక్కో కిటికీ మూశాక కాసేపు నిలబడుతుందని రాశాడు. అంటే, ఊరికే నిలబడుతుందా? వింటుంది. మరి చివరి కిటికీ ఎందుకు మూయలేదో చెప్పుకో చూద్దాం..."

ఆ మొదటి రోజు కారులో నేను తెంపేసిన వాక్యం అది. చెయ్యి తలుపు మీద పెట్టాను. చేతిలో తాళాలగుత్తి గల్లుమంది.

లోపల మాట ఆగిపోయింది.

"నాన్నొచ్చాడేమో" అంది పిట్ట, చాలా మెల్లగా.

తాళాలగుత్తిని గుప్పిట్లో బిగించి పట్టుకుని, చప్పుడు కాకుండా ఒక అంతస్తు కిందికి దిగి మెట్ల మీద కూర్చున్నాను. పైన మాట మళ్లీ మొదలైందో లేదో అక్కడికి వినపడదు.