నోటిమాట

ఎడమ చెంప గీయడం అయ్యాక బుర్మాకన్ పెద్దాయన గడ్డాన్ని రెండు వేళ్ళతో పైకెత్తింది. మెడ దగ్గర చర్మం వదులు. సాగదీసి పట్టుకోకపోతే గాటు పడుతుంది. పగలు ఆసుపత్రిలో పనికెళ్ళి దుప్పట్లు ఉతికి ఉతికి ఆమె వేళ్ళ కొనలు పగిలిపోయాయి.

"కదలకండి బాబాయ్. గాటుతో కోర్టుకెళ్తే నేనే పీక కోశానంటారు."

పెద్దాయన మెదెర్‌బెక్ నవ్వలేదు.

ఒకప్పుడు కరకోల్ పట్నం చుట్టుపక్కల గుర్రాలన్నిటికీ ఆయనే వైద్యుడు. పదకొండేళ్ళ క్రితం పక్షవాతంతో కుడివైపు పడిపోయింది. పెళ్ళాం బిడ్డలు లేరు. వీధి చివర హాస్టల్ గదిలో ఒంటరిగా ఉండే బుర్మాకన్‌ను పిలిపించి, పక్కింటి సైరా వింటుండగానే అన్నాడు: "నన్ను చూసుకో అమ్మాయ్. నా తర్వాత ఈ ఇల్లు నీది." ఆయన కాగితం రాయలేదు, ఆమె అడగలేదు. గది వదిలేసి వచ్చింది. తలాస్ నుంచి అక్క ఎన్నిసార్లు రమ్మన్నా వెళ్ళలేదు.

ఈ వసంతంలో ఆయన అన్న కొడుకు జానిష్ ఇల్లు తన పేర రాయించుకుని, ఖాళీ చెయ్యమన్నాడు. ఆమె కోర్టుకెక్కింది. కేసు నడిచిన ఆరు నెలలూ పెద్దాయనకు పక్క మార్చిందీ, తినిపించిందీ ఆమే. ఇంకెవరున్నారు?

కోర్టుకు కూడా చక్రాల కుర్చీ ఆమే తోసుకెళ్ళింది.

సైరా రుమాలు అంచు నలుపుతూ, "చాలాకాలమైంది, గుర్తులేదు" అంది. జడ్జి మెదెర్‌బెక్ వైపు తిరిగింది.

"ఇల్లు ఇస్తానని ఈవిడకు మాటిచ్చారా?"

ఆయన జానిష్ బూట్లకేసి చూశాడు. "లేదు. ఉండటానికి చోటిచ్చాను. అందుకే పనిచేసింది."

కేసు కొట్టేసి, ఇల్లు వదలడానికి ఆమెకు పది రోజుల గడువిచ్చారు. జానిష్ పనుందంటూ వెళ్ళిపోయాడు. బుర్మాకన్ మళ్ళీ కుర్చీ పట్టుకుంది. గుంతల దగ్గర ఎప్పటిలాగే వెనక్కి వంచి దాటించింది. సగం దారిలో ఆయన నోరు విప్పాడు.

"ఇల్లు పరాయిదానికిస్తే మావాళ్ళెవరూ నా శవం ఎత్తరన్నాడు జానిష్. మా నాన్న సమాధి పక్కన పెట్టనివ్వరట."

ఆమె కుర్చీ ఆపలేదు. "చచ్చాక ఎత్తేవాళ్ళ కోసం, పదకొండేళ్ళు ఎత్తినదాన్ని పనిమనిషిని చేశారా బాబాయ్?"



ఇంటికొచ్చి ఆయన బట్టలు మార్చింది. సేమ్యా పులుసులో మాంసం మెత్తగా చిదిమి తినిపించింది. మూతి తుడిచింది. తర్వాత తన బట్టలు ఒక సంచిలో సర్దుకుంది. పదకొండేళ్ళకు ఒక్క సంచే అయింది.

పొద్దు వాలుతుండగా వచ్చిన జానిష్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇంకా పది రోజులుంది కదక్కా, ఎందుకంత తొందర? మేం మనిషిని చూసుకునేదాకా ఉండు."

"రాత్రి రెండుసార్లు పక్క మార్చాలి," అందామె తలకు రుమాలు కట్టుకుంటూ. "కుడి మడమ ఎర్రబడింది. పుండు పడకుండా చూసుకో."

"నాకెలా తెలుస్తుందక్కా ఇవన్నీ?"

"నాకూ తెలియదు, వచ్చినప్పుడు."

లోపలినుంచి పెద్దాయన "బుర్మా" అని పిలిచాడు. కాసేపాగి మళ్ళీ పిలిచాడు. అప్పటికి ఆమె తలాస్ వైపు వెళ్ళే బస్సు కోసం సందు మలుపు తిరిగింది.

ఆయన గదిలో నేలమీద పడుకునే ఆమె, రాత్రిళ్ళు లేవగానే కాళ్ళకు తగిలేలా పెట్టుకునే పాత చెప్పులు మాత్రం ఆయన మంచం పక్కనే ఉండిపోయాయి, ఎడమది మడమ దగ్గర బాగా అరిగి, రెండూ మంచంవైపే తిరిగి.